మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ ఈఎస్పీ32 రీసెట్ అవుతోంది, మాడ్యూల్ మార్చాలా?

మిరపతోట_పల్నాడు
నెల రోజులుగా ఒకటే తలనొప్పి. పొలంలో బోరుకి 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది, ఇంటికీ పొలానికీ కిలోమీటరున్నర. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అయినా కరెంటు వచ్చిందో లేదో చూడటానికే రోజుకి మూడు నాలుగు సార్లు నడుస్తాడు. ఆయన నడక తగ్గిద్దామని వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ ఈఎస్పీ32 డెవ్ బోర్డు, రెండు రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి తెంపే స్విచ్‌ల) బోర్డు తెచ్చి స్టార్టర్‌కి కలిపాను. షెడ్డులో నెట్ కోసం వైఫై ఇచ్చే 4జీ డాంగిల్. ఇంట్లో బల్ల మీద బల్బుతో పదిహేను రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచింది. పొలంలో పెట్టాక మాత్రం స్టార్టర్ టప్‌మని పడటం, బోర్డు రీసెట్ అవడం, మోటారు ఆగిపోవడం, ఇదే వరస. కొన్నిసార్లు రీసెట్ అవకుండానే నడుస్తున్న మోటారు దానంతట అదే ఆగిపోతుంది. కోడ్ మూడుసార్లు తిరగరాశాను. బోర్డు కూడా మార్చాను. ఇక ఈఎస్పీని వదిలేసి పైకో డబ్ల్యూ అనే ఇంకో వైఫై బోర్డు తీసుకోమంటారా?

సోల్డర్_పొగ
బల్ల మీద నడిచి పొలంలో నడవట్లేదంటే మాడ్యూల్‌ది కాదు తప్పు, కోడ్‌ది కూడా కాకపోవచ్చు. కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చావు బోర్డుకి?

మిరపతోట_పల్నాడు
పాత ఫోన్ ఛార్జర్ అన్నా, 5 వోల్ట్ 1 యాంప్. దానికే రెండు తీగలు తీసి ఒకటి ఈఎస్పీకి, ఒకటి డాంగిల్‌కి ఇచ్చాను.

సోల్డర్_పొగ
సగం జవాబు అక్కడే ఉంది. ఈఎస్పీ32 మామూలుగా ఎనభై, వంద మిల్లీ యాంప్ తింటుంది కానీ వైఫై సిగ్నల్ పంపే క్షణంలో 240 దాకా పోతుంది. అందుకే కనీసం 500 మిల్లీ యాంప్ ఇవ్వగల సప్లై పెట్టుకోమని డేటాషీట్‌లోనే రాశారు. పైన డాంగిల్, ఆ పైన రెండు రిలేలు. పాత ఛార్జర్ మీద 1 యాంప్ అని రాసి ఉన్నా అంత ఇస్తుందన్న నమ్మకం లేదు. దానికి తోడు సన్నటి ఛార్జింగ్ కేబుల్‌లో కొంత వోల్టేజీ పోతుంది. ఇప్పుడు మోటారు సంగతి చూడు. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది యాంప్‌లే, స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న పొలమైతే ఆ ఒక్క క్షణం లైన్ వోల్టేజీ కుంగిపోతుంది. ఛార్జర్ ఊపిరి తీసుకోలేదు, 5 కాస్తా 4 అవుతుంది, బోర్డు మీద 5ని చిప్‌కి కావలసిన 3.3కి దింపే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కి లోపలికి వచ్చేదానికీ బయటికి ఇచ్చేదానికీ మధ్య ఒక వోల్ట్ పైన తేడా ఉండాలి, అది లేక 3.3 కాస్తా జారిపోతుంది, చిప్‌లో ఉండే బ్రౌనౌట్ డిటెక్టర్ (వోల్టేజీ తగ్గితే కనిపెట్టేది) రీసెట్ కొట్టేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూశా, ఐదే చూపిస్తోంది అని అంటావేమో. ఆ పతనం మిల్లీసెకన్లలో అయిపోతుంది, మీటర్‌కి కనపడదు.

మిరపతోట_పల్నాడు
నిజమే, మీటర్ పెట్టి చూశాను, ఐదే ఉంది. అందుకే సప్లై మీద అనుమానం రాలేదు.

కోడ్‌కాకి
అనుమానాలతో పని లేకుండా బోర్డునే అడగొచ్చు. రీసెట్ ఎందుకు అయిందో చెప్పే ఫంక్షన్ ఈఎస్పీలో ఉంది. బూట్ అవగానే ఆ కారణాన్ని ఫ్లాష్‌లో రాసి, నెట్ రాగానే ఫోన్‌కి పంపించు. బ్రౌనౌటా, వాచ్‌డాగా, (కోడ్ ఇరుక్కుపోతే రీసెట్ కొట్టేది) కోడ్ క్రాషా తేలిపోతుంది. మూడుసార్లు కోడ్ తిరగరాసే ముందు ఈ పది లైన్లు రాసి ఉంటే నెల మిగిలేది.

రేడియో_అక్క
దానితో పాటు ఇంకో పరీక్ష చెయ్యి తమ్ముడూ. ఈఎస్పీని ఛార్జర్ నుంచి పీకేసి పవర్ బ్యాంక్ మీద పెట్టు, మిగతాదేం మార్చకు. స్టార్టర్‌ని పది సార్లు కాదు, రెండు మూడు రోజుల్లో మామూలుగా వేసినన్ని సార్లు వేసి చూడు. రీసెట్ పూర్తిగా పోతే సప్లైదే తప్పు. తగ్గి, ఇంకా వస్తుంటే సప్లైతో పాటు నాయిస్ కూడా ఉన్నట్టు. స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు పుట్టే స్పైక్ గాల్లోంచి, తీగల్లోంచి ఎలాగైనా దూరుతుంది.

బీటెక్_మూడో_ఏడు
మాకూ ఇదే ప్రాబ్లం వచ్చింది. బ్రౌనౌట్ డిటెక్టర్‌ని కోడ్‌లో డిజేబుల్ చేసే లైన్ ఒకటి ఉంది, అది పెడితే రీసెట్ రాదు.

సోల్డర్_పొగ
అది మాత్రం చెయ్యొద్దు. వోల్టేజీ సరిపోనప్పుడు చిప్ ఆగిపోవడమే మంచిది. ఆపకపోతే అది సగం స్పృహలో నడుస్తూ ఫ్లాష్‌లో చెత్త రాస్తుంది, ఏ పిన్ ఏం చేస్తుందో తెలియదు. బల్బు అయితే ఫర్వాలేదు, అవతల 5 హెచ్‌పీ మోటారు ఉంది.

మెట్టపొలం_338
ఇంత అవస్థ ఎందుకు? మా ఊళ్లో అందరూ సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ కొన్నారు. మిస్డ్ కాల్ ఇస్తే ఆన్, మళ్లీ ఇస్తే ఆఫ్. నాది నాలుగేళ్లుగా నడుస్తోంది.

కోఠీ_సంచి
338 అన్న మాట కొట్టెయ్యలేం. కానీ అందులో చాలావాటిలో ఉండేది 2జీ మాడ్యూల్. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ పనిచెయ్యదు, 2జీ ఉన్న సిమ్మే వెయ్యాలి. మా బావమరిది సిమ్ మార్చి రెండు రోజులు స్టార్టర్ చెడిపోయిందనుకుని బాధపడ్డాడు. సొంతంగా చేసేవాళ్లు సిమ్800ఎల్ అనే 2జీ మాడ్యూల్ చవకగా వస్తోందని కొంటారు, అది టవర్‌తో మాట్లాడే క్షణంలో 2 యాంప్ లాగుతుంది, వోల్టేజీ 3.4 నుంచి 4.4 మధ్యలోనే ఉండాలి. మిరపతోటకి ఈఎస్పీతో వచ్చిన కష్టం దానితో రెట్టింపు వస్తుంది. ఇప్పుడు కొత్తగా చేస్తే 4జీ మాడ్యూలే పెట్టుకోవాలి.

మిరపతోట_పల్నాడు
338 అన్నా, నాన్నకి మోటారు ఆన్ అవడం ఒక్కటే కాదు, నీళ్లు వస్తున్నాయా, బోరు ఎండి ఉత్త మోటారు తిరుగుతోందా అది కూడా తెలియాలి. పోయినేడు ఎండాకాలంలో అలాగే ఒక వైండింగ్ కాలిపోయింది, రీవైండింగ్‌కి, మోటారు పైకి తీయడానికి అయిన ఖర్చుతో ఇలాంటి బోర్డులు ఇరవై కొనొచ్చు. అందుకే సొంతంగా మొదలుపెట్టా.

మెట్టపొలం_338
అయితే నువ్వు చేసేదే కరెక్ట్. అయ్యాక మా షెడ్డుకి కూడా వచ్చి పెట్టిపో, నాటుకోడి పులుసు నాది.

రేడియో_అక్క
డ్రై రన్ పట్టుకోవడానికి ఒక ఫేజ్ తీగ చుట్టూ క్లిప్ చేసి కరెంటు కొలిచే సీటీ సెన్సర్ పెట్టు. నీళ్లు లేకపోతే మోటారు కరెంటు బాగా తగ్గిపోతుంది, అంతే లెక్క. కానీ దాన్ని 32 నుంచి 39 మధ్య ఉన్న పిన్నుకే కలుపు. ఈఎస్పీ32లో ఏడీసీ2 (వోల్టేజీని అంకెగా కొలిచే రెండో భాగం) కింద వచ్చే పిన్నులు వైఫై ఆన్‌లో ఉండగా అనలాగ్ రీడింగ్ ఇవ్వవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఒక్క విషయం తెలియక వారం పోగొట్టుకున్నాను. ఇంతకీ ఇప్పుడు ఏ పిన్ను దేనికి వాడావో మొత్తం రాయి.

మిరపతోట_పల్నాడు
స్టార్ట్ రిలే 26, స్టాప్ రిలే 14. షెడ్డులో చేత్తో ఆపడానికి ఒక చిన్న పుష్ బటన్, అది 35. కోడ్‌లో ఇన్‌పుట్ పుల్అప్ (నొక్కనప్పుడు పిన్నుని హైలో పట్టి ఉంచేది) అని రాశాను. బటన్ తీగ మూడు మీటర్లు, మోటారు కేబుల్ వెళ్లే పైపులోనే తీసుకెళ్లాను, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని.

రేడియో_అక్క
దొరికింది! రీసెట్ లేకుండా మోటారు ఎందుకు ఆగుతోందో ఇదే. 34 నుంచి 39 దాకా ఉన్న పిన్నులు ఇన్‌పుట్‌కి మాత్రమే, వాటికి లోపల పుల్అప్ లేదు. కోడ్‌లో పుల్అప్ అని రాసినా కంపైలర్ ఏమీ అనదు, చిప్ పట్టించుకోదు. అంటే నీ బటన్ పిన్ను గాల్లో వేలాడుతోంది, దానికి మూడు మీటర్ల యాంటెనా తగిలించి మోటారు కేబుల్ పక్కనే పడుకోబెట్టావు. బయట 10కే రెసిస్టర్ ఒకటి 3.3కి పెట్టు, పిన్ను దగ్గర గ్రౌండ్‌కి 0.1 మైక్రో ఫారడ్, తీగ వేరే దారిలో తీసుకెళ్లు. కోడ్‌లో కూడా బటన్ కనీసం 50 మిల్లీసెకన్లు నొక్కి ఉంటేనే నమ్ము.

సోల్డర్_పొగ
14 కూడా మార్చాలి. బూట్ అయ్యేటప్పుడు ఆ పిన్ను కాసేపు పల్స్‌లు వదులుతుంది, మన కోడ్ ఇంకా మొదలవకముందే. అంటే ప్రతి రీసెట్‌కీ స్టాప్ రిలే కొట్టుకుంటోంది, అందుకే మోటారు ఆగుతోంది. లేకపోతే స్టార్టర్ తనని పట్టి ఉంచే హోల్డింగ్ కాంటాక్టు మీద తాను నడుస్తుంది, ఈఎస్పీ పోయినా దానికి సంబంధం ఉండకూడదు. 25, 26, 27, 32, 33 ఇవి రిలేలకి నిశ్చింత. 12 జోలికి అసలు వెళ్లకు, బూట్ సమయంలో అది హైలో ఉంటే ఫ్లాష్‌కి 1.8 వోల్టే ఇవ్వాలనుకుని బోర్డు లేవదు. 6 నుంచి 11 ఫ్లాష్‌కే పోతాయి.

బీటెక్_మూడో_ఏడు
ఇవన్నీ ఎక్కడ రాసి ఉంటాయి? మాకు ల్యాబ్‌లో ఏ పిన్నైనా ఒకటే అన్నట్టు చెప్పారు.

సోల్డర్_పొగ
డేటాషీట్‌లో స్ట్రాపింగ్ పిన్స్ అని ఒక భాగం ఉంటుంది, ఒకటి రెండు పేజీలు, అది మాత్రం చదువు. మిగతా అంతా అవసరం వచ్చినప్పుడు.

ఎర్త్‌వైరు
ఇందాకటి నుంచి చూస్తున్నా, అందరూ 3.3 దగ్గరే ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా స్టార్టర్లు విప్పుతున్నవాణ్ణి, నాకు భయం అటువైపు. బాబూ మిరపతోటా, మీ స్టార్టర్ కాయిల్ ఎంత వోల్టేజీది? ఆ నీలం రంగు చిన్న రిలే దానికి నేరుగా కలిపావా? ఒక ఫోటో పెట్టు.

మిరపతోట_పల్నాడు
ఫోటో పెట్టాను బాబాయ్. డీఓఎల్ స్టార్టర్ (మోటారుని నేరుగా లైన్‌కి కలిపేది), కాయిల్ మీద 415 అని ఉంది. పచ్చ బటన్‌కి పారలల్‌గా ఒక రిలే, ఎర్ర బటన్‌కి సిరీస్‌లో ఇంకోటి. నేరుగానే.

ఎర్త్‌వైరు
రిలే మీద ఏం రాసి ఉందో చదువు. 10 యాంప్ 250 వోల్ట్ ఏసీ. నువ్వు దానితో 415 తెంపుతున్నావు, అదీ కాయిల్ లాంటి ఇండక్టివ్ లోడ్‌ని. లోపల ఆర్క్ లేచి కాంటాక్టు అతుక్కుపోతే స్టాప్ కొట్టినా మోటారు ఆగదు. రిలే బోర్డు మీద ఆ 415 గీతకీ నీ 5 వోల్ట్ గీతకీ మధ్య ఉన్న సందు కూడా దానికి చాలదు. మీ నాన్న ఆ పెట్టె తలుపు తీస్తాడు గుర్తుపెట్టుకో.
ఇంకోటి. ఫోటోలో పెట్టెలోకి మూడు తీగలే వస్తున్నాయి. ఛార్జర్‌కి న్యూట్రల్ ఎక్కడిది?

మిరపతోట_పల్నాడు
ఎర్త్ రాడ్ నుంచి బాబాయ్. లైటు కూడా ముందు నుంచీ దాని మీదే వెలుగుతోంది, నాన్న పెట్టించిందే.

ఎర్త్‌వైరు
ఈ రోజే తీసెయ్. పల్లెల్లో ఇది ఎంత మామూలైపోయిందో నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నా. నేల ఎండిపోయి రాడ్డుకి పట్టు తప్పితే ఆ ఎర్త్ తీగ మొత్తం ఛార్జర్ గుండా ఫేజ్‌కి లేచి కూర్చుంటుంది. స్టార్టర్ పెట్టె బాడీ కూడా అదే ఎర్త్‌కి కట్టి ఉంటుంది కదా, దాని మీద చెయ్యి వేసినవాడి సంగతి ఏంటి? తడి కాళ్లతో. ఎర్త్ అనేది ప్రాణం కాపాడటానికి, లైటు వెలిగించడానికి కాదు.

కోఠీ_సంచి
ఈ పోస్టు అందరూ రెండుసార్లు చదవండి.

మిరపతోట_పల్నాడు
తీసేశాను బాబాయ్, ఇప్పుడే పొలం నుంచి రాస్తున్నా. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకునే తీశాను. మరి బోర్డుకి సప్లై ఎలా? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి నాలుగో తీగ లాగాలంటే మూడు వందల మీటర్లు.

ఎర్త్‌వైరు
అక్కర్లేదు. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అని అడుగు, ప్రైమరీ 415, రెండు ఫేజుల మధ్య కలిపేది. సెకండరీలో 24 వోల్ట్ ఒకటి, 12 వోల్ట్ ఒకటి ఉన్నది కావాలి. రెడీగా లేకపోతే వైండింగ్ షాపులో చుట్టిస్తారు. 24 వోల్ట్ కాయిల్ ఉన్న చిన్న ఆక్సిలరీ కాంటాక్టర్లు రెండు తీసుకో. నీ నీలం రిలే ఆ 24ని తెంపుతుంది, చిన్న కాంటాక్టర్ కాంటాక్టు 415ని తెంపుతుంది. ఒకటి పచ్చ బటన్‌కి పారలల్, రెండోది ఎర్ర బటన్‌కి సిరీస్. ప్రైమరీకి రెండువైపులా ఫ్యూజు మర్చిపోవద్దు. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలేని, చేతి బటన్లని తప్పించేలా ఏ తీగా కలపొద్దు, మీ బోర్డు చచ్చిపోయినా నాన్న పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరగాలి, ఎర్ర బటన్ నొక్కితే ఆగాలి. పని చేసేటప్పుడు స్తంభం దగ్గర స్విచ్ దింపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకో.

సోల్డర్_పొగ
బాబాయ్ చెప్పిన 12 వోల్ట్ వైండింగ్ ఈఎస్పీ రోగానికి కూడా మందే. 12 ఏసీని బ్రిడ్జితో డీసీ చేస్తే పదహారు పదిహేడు వోల్ట్ వస్తుంది. అక్కడ 2200 మైక్రో ఫారడ్ 35 వోల్ట్ కెపాసిటర్, దాని తర్వాత బక్ కన్వర్టర్ పెట్టి 5కి దింపు. మోటారు లేచేటప్పుడు లైన్ వోల్టేజీ సగానికి పడిపోయినా నీ దగ్గర ఇంకా ఏడెనిమిది వోల్ట్‌లు ఉంటాయి, బక్‌కి 5 తీయడానికి చాలు. ఛార్జర్ కన్నా ఇది ఎంత మొండిగా నిలబడుతుందో చూస్తావు. బక్‌ని బోర్డుకి కలిపే ముందే మీటర్ పెట్టి 5 వోల్ట్‌కి తిప్పుకో, కొత్తది ఎంత మీద ఉందో తెలియకుండా తగిలించి ఒక బోర్డు పొగబెట్టాను నేను, పేరు అలా వచ్చిందే.

రేడియో_అక్క
రిలే బోర్డు సంగతి కూడా. సప్లై పిన్ను వీసీసీ 5 వోల్ట్, ఇన్‌పుట్ ఈఎస్పీది 3.3 అయితే, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే భాగం) మీద 1.7 వోల్ట్ మిగులుతుంది. కొన్ని బోర్డుల్లో ఎల్ఈడీ మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, రిలే ఒక్కోసారి వదలదు. జంపర్ పీకేసి వీసీసీకి 3.3, రిలే కాయిల్స్ పిన్ను జేడీ వీసీసీకి 5 ఇవ్వు. పెద్ద కాయిల్‌కి, చిన్న కాయిల్స్‌కి స్పైక్‌ని మింగే ఆర్సీ సర్జ్ సప్రెసర్లు తగిలించు.

ఎర్త్‌వైరు
415 కాయిల్‌కి పెట్టేది దానికని అమ్మే సప్రెసరే కొనాలి. కెపాసిటర్ 275 వోల్ట్‌ది విడిగా తెచ్చి పెడితే పేలుతుంది.

డాలస్_గోంగూర
షెడ్డులో డాంగిల్‌కి రీఛార్జ్ ఎందుకు, సిమ్ లేకుండా దూరం పోయే లోరా రేడియో పెట్టుకోవచ్చు కదా. ఇక్కడ మా పెరట్లో 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు రెండు నడుస్తున్నాయి, నా దగ్గర ఇంకో జత ఖాళీగా ఉంది. డిసెంబర్‌లో గుంటూరు వస్తున్నా, తెచ్చి ఇస్తా.

రేడియో_అక్క
ఆలోచన చాలా బాగుంది, ఆ మాడ్యూళ్లు మాత్రం వద్దు అన్నయ్యా. 902 నుంచి 928 అమెరికా బ్యాండ్. ఇక్కడ దాని కింది సగంలో మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడతాయి. మన దేశంలో లైసెన్స్ లేకుండా లోరాకి వాడుకునేది 865 నుంచి 868. కొనేటప్పుడు 868 మాడ్యూల్ అని అడిగి, కోడ్‌లో ఫ్రీక్వెన్సీ 866కి పెట్టుకుంటే సరిపోతుంది. కిలోమీటరున్నర దూరం, మధ్యలో చెట్లే అయితే యాంటెనా ఇంటి డాబా మీద, షెడ్డు పైన కాస్త ఎత్తులో పెడితే అందుతుంది. నెలనెలా రీఛార్జ్ ఉండదు, ఊళ్లో టవర్ పోయినా ఇంటి నుంచి మోటారు వెయ్యొచ్చు.

డాలస్_గోంగూర
మంచిదయింది చెప్పారు. అయితే మాడ్యూళ్లు కాదు, అట్లాంటాలో మా అక్క పెట్టిన ఆవకాయ తెస్తా.

మెట్టపొలం_338
అట్లాంటా నుంచి గుంటూరుకి ఆవకాయా! కాలం మారిపోయింది.

బీటెక్_మూడో_ఏడు
అందరూ ఉన్నారు కాబట్టి నాదీ ఒకటి. మట్టి తేమ చూసే సెన్సర్ ప్రాజెక్టు, బ్యాటరీ మీద. డీప్ స్లీప్‌లో 10 మైక్రో యాంప్ అన్నారు, ఆ లెక్కన 2500 ఎంఏహెచ్ సెల్ ఏళ్లు రావాలి. పది రోజులకే ఖాళీ. పైకో డబ్ల్యూకి మారితే బాగుంటుందా?

రేడియో_అక్క
10 మైక్రో యాంప్ చిప్ తినేది. నువ్వు వాడింది డెవ్ బోర్డు. దాని మీద ఏఎంఎస్1117 ఊరికే ఉన్నా ఐదు మిల్లీ యాంప్ దాకా తింటుంది, యూఎస్‌బీ చిప్ ఒకటి, ఎర్ర పవర్ ఎల్ఈడీ ఒకటి. అన్నీ కలిపి పది మిల్లీ యాంప్ అనుకో, 2500ని పదితో భాగిస్తే 250 గంటలు, అంటే పది రోజులు. నీ లెక్క అచ్చంగా సరిపోయింది చూడు. చిప్ నిద్రపోయింది, బోర్డు మేలుకునే ఉంది. విడి మాడ్యూల్ తీసుకుని హెచ్‌టీ7833 లాంటి రెగ్యులేటర్ పెట్టు, అది ఊరికే ఉన్నప్పుడు తినేది కొన్ని మైక్రో యాంప్‌లే, 500 మిల్లీ యాంప్ దాకా ఇస్తుంది. సెన్సర్‌కి కరెంటు కూడా కొలిచే ఆ క్షణానికే ఇవ్వు. పైకో డబ్ల్యూ చక్కటి బోర్డే, 2022లో వచ్చినప్పటి నుంచి పిల్లలకి నేర్పడానికి నేను అదే వాడతాను, కానీ బ్యాటరీ మీద నిద్రపోయే పనికి ఈఎస్పీ32 సీ3 చిప్ తేలిక.

కోఠీ_సంచి
విడి మాడ్యూల్ హైదరాబాద్ కోఠీ దగ్గర గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, వెళ్లినప్పుడు పైన రేకు డబ్బా మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నవే తీసుకో. ఒకసారి ఒక షాపులో తక్కువకి వస్తున్నాయని ఐదు తెచ్చాను, రెండింటికి వైఫై గది దాటలేదు.

కోడ్‌కాకి
మిరపతోటా, ఫోన్ నుంచి కమాండ్ ఎలా పంపుతున్నావు?

మిరపతోట_పల్నాడు
ఎంక్యూటీటీ అన్నా, మెసేజ్‌లు బ్రోకర్ అనే సర్వర్ గుండా పోయే పద్ధతి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే టెస్ట్ బ్రోకర్. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మెసేజ్ పోకూడదని రిటెయిన్ ఆన్ చేశాను.

కోడ్‌కాకి
రెండూ ఇవాళే మార్చెయ్. పబ్లిక్ బ్రోకర్‌లో లోకంలో ఎవరైనా అన్ని టాపిక్‌లూ వినొచ్చు, నీ టాపిక్‌లోకి ఆన్ అని పంపొచ్చు. ఎవరో ఆటకి పంపినా సరే, ఆ సమయంలో నాన్న మోటారు తీగ పట్టుకుని ఉంటే? రిటెయిన్ ఇంకా ప్రమాదం. నువ్వు పొద్దున పంపిన ఆన్‌ని బ్రోకర్ దాచిపెట్టుకుని, కరెంటు పోయి వచ్చి బోర్డు కనెక్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ దాని చేతిలో పెడుతుంది. మోటారు ఎవరూ చెప్పకుండానే లేస్తుంది. 1999లో ఎంక్యూటీటీ పుట్టింది శాటిలైట్ లింకు మీద ఆయిల్ పైపులైన్లని చూసుకోవడానికి, అక్కడ చివరి రీడింగ్ దాచుకోవడం మంచిదే. రిటెయిన్ స్టేటస్‌కి వాడు, కమాండ్‌కి ఎప్పుడూ వాడకు. పాస్‌వర్డ్, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) ఉన్న బ్రోకర్ తీసుకో, కమాండ్‌తో పాటు టైమ్ పంపు, ముప్పై సెకన్లు దాటినదాన్ని బోర్డు పారేయాలి.

మిరపతోట_పల్నాడు
ఒకరోజు తెల్లవారుజామున మోటారు దానంతట అదే నడిచి కాలవ నిండిపోయింది. నాన్న మర్చిపోయాడనుకుని ఆయన మీద విసుక్కున్నాను. ఇప్పుడు అర్థమైంది.

ఎర్త్‌వైరు
ఫోన్ చేసి చెప్పు ఆయనకి.

మిరపతోట_పల్నాడు
చెప్పాను బాబాయ్.

మిరపతోట_పల్నాడు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ వివరంగా చెప్పాలని. ముందు పవర్ బ్యాంక్ పరీక్ష చేశాను. రీసెట్లు బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, అంటే అక్క చెప్పినట్టు రెండు రోగాలూ ఉన్నాయి. కోడ్‌కాకి అన్న చెప్పిన లాగ్‌లో ఛార్జర్ మీద ఉన్నప్పుడు ఇరవై రీసెట్లలో పద్నాలుగు బ్రౌనౌట్, మిగతా ఆరూ పవర్ ఆన్ అని వచ్చాయి. పవర్ బ్యాంక్ మీద వచ్చినవన్నీ పవర్ ఆనే. పవర్ పోకుండానే పవర్ ఆన్ ఏంటో అర్థం కాలేదు.
గుంటూరులో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను, చిన్న కాంటాక్టర్లు విజయవాడలో దొరికాయి. మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి 415 వైపు మొత్తం తనే కలిపాడు. బటన్‌కి రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి తీగ వేరే పైపులో తీశాను. స్టాప్ రిలే 27కి మార్చాను. అప్పటి నుంచి మోటారు దానంతట అది ఆగలేదు. బ్రౌనౌట్ ఒక్కటి కూడా లేదు. పవర్ ఆన్ రీసెట్ మాత్రం రెండు వచ్చాయి, రెండూ స్టార్టర్ వదిలేటప్పుడే.

రేడియో_అక్క
ఆ రెండూ చిప్‌ని ఆన్, రీసెట్ చేసే ఈఎన్ పిన్ను మీద పడిన గ్లిచ్. ఈఎస్పీ32లో ఈఎన్ కిందికి జారి లేచినా పవర్ ఆన్ అనే చూపిస్తుంది. ఈఎన్ నుంచి గ్రౌండ్‌కి 1 మైక్రో ఫారడ్ సిరామిక్ ఒకటి, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా అతికించు. బోర్డుని కాంటాక్టర్ ఉన్న పెట్టెలో కాకుండా పక్కన వేరే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టు.

మిరపతోట_పల్నాడు
వేరే పెట్టెకి ఎలాగూ మార్చాలి. స్టార్టర్‌లోకి బల్లులు దూరుతున్నాయి, మొన్న కాంటాక్టర్ మధ్యలో ఒకటి ఎండిపోయి దొరికింది. చీమలు రిలే కింద గూడు పెట్టాయి.

ఎర్త్‌వైరు
తీగ దూరే ప్రతి కంతకీ కేబుల్ గ్లాండు వెయ్యి, పెట్టె తలుపుకి రబ్బరు గాస్కెట్ ఉన్నది చూసి తీసుకో. గ్లాండ్లన్నీ అడుగు వైపే, పైన కంత పెడితే తీగ వెంబడి వాన నీళ్లు కారతాయి.

మెట్టపొలం_338
నాన్న ఏమంటున్నారు?

మిరపతోట_పల్నాడు
ఫోన్లో ఆన్ నొక్కుతాడు, కరెంటు ఎన్ని యాంప్‌లు ఉందో చూస్తాడు. సాయంత్రం మాత్రం ఒకసారి నడుచుకుంటూ వెళ్లి పైపు దగ్గర నీళ్లు చేత్తో తాకి వస్తున్నాడు.

బీటెక్_మూడో_ఏడు
అన్నా, ఈఎన్ కెపాసిటర్ పెట్టాక రిజల్ట్ ఇక్కడే రాయి. నేనూ డెవ్ బోర్డు పీకేసి విడి మాడ్యూల్ సోల్డర్ చేస్తున్నా ఈ ఆదివారం.

మిరపతోట_పల్నాడు
కెపాసిటర్ పెట్టి ఇవాల్టికి ఆరు రోజులు. స్టార్టర్ ముప్పై ఒక్కసార్లు పడింది, రీసెట్ సున్నా.